మస్కి నుంచి ఫణిగిరి దాకా: హైదరాబాద్ పరిశోధన పత్రికల నూటపదేళ్లు

1915లో, అప్పటి నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా మస్కి దగ్గర, బంగారు గనుల పని మీద తిరుగుతున్న బీడన్ అనే ఇంజనీరు కంట ఒక బండ మీది బ్రాహ్మీ అక్షరాలు పడ్డాయి. అప్పటిదాకా దేశంలో దొరికిన ధర్మలిపుల్లో రాజు తనను దేవానాంపియ పియదసి అనే చెప్పుకున్నాడు. ఆ పియదసి అశోకుడేనని పండితులు 1837 నుంచి నమ్ముతూ వచ్చింది సింహళ చరిత్ర గ్రంథాల ఆసరాతో. మస్కి బండ మీద మాత్రం అశోకుడి పేరే ఉంది. హెచ్. కృష్ణశాస్త్రి ఆ పాఠాన్ని పరిష్కరించి ఇస్తే, అదే ఏడాది ‘హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్’ మొదటి సంఖ్యగా అచ్చయి బయటికొచ్చింది. ఆ సిరీస్ వేసిన నిజాం పురావస్తు శాఖ పుట్టి అప్పటికి ఏడాదే.

ఆ శాఖకు వారసురాలైన తెలంగాణ వారసత్వ శాఖ కార్యాలయం ఇవాళ గన్‌ఫౌండ్రీలో ఉంది. ఫ్రెంచి సేనాని రేమండ్ 1795లో నిజాం అలీ ఖాన్ కోసం కట్టించిన ఫిరంగుల కార్ఖానా శిథిలం ఇంకా ఫతే మైదాన్ పక్కనే నిలబడి ఉంది. పేటకు పేరు అక్కడినుంచే వచ్చింది. ఆబిడ్స్‌లో దిగి బషీర్‌బాగ్ వైపు నడిచేవాళ్లకు ఈ పేట అంటే బ్యాంకులు, చాపెల్ రోడ్డు బడులు, నిజాం కాలేజీ గుర్తొస్తాయి. దక్కన్ చరిత్ర చదివేవాళ్లకు మాత్రం ఇది శాసన సంపుటాల చిరునామా. మస్కి శాసనం దొరికిన ఏడాదే అచ్చులోకి వచ్చిందంటే, ఆ వేగం వెనక ఒక కార్యాలయం, ఒక సంపాదకుడు, ఒక ముద్రణాలయం, పుస్తకం కోసం ఎదురుచూసే చదువరులు ఉన్నారు. నూటపదేళ్లలో వీటిలో ప్రతిదీ మారింది. సీసపు అక్షరాలు పోయి డీటీపీ వచ్చింది, డీటీపీ ఫైళ్లు పీడీఎఫ్‌లయ్యాయి, పాత సంపుటాలు స్కాన్లయి ఇంటర్నెట్‌లోకి వెళ్లాయి. ఈ ప్రయాణంలో మన పరిశోధన పత్రికలు సంపాదించుకున్నదాని కన్నా దారిలో జారవిడుచుకున్నదే ఎక్కువని నేను నమ్ముతున్నాను. జారిపోయిందేమిటో చూడాలంటే మొదటికి వెళ్లాలి.

గులాం యజ్దానీ 1914 నుంచి 1943 దాకా ఆ శాఖను నడిపాడు. లోకం ఆయన్ని ఆక్స్‌ఫర్డ్ ప్రెస్ వేసిన నాలుగు అజంతా సంపుటాలతో గుర్తుపెట్టుకుంది. నా లెక్కలో మాత్రం ఆయన అసలు ఘనత వరసగా వెలువడిన వార్షిక నివేదికల్లో ఉంది. పురావస్తు నివేదికల ఆనవాయితీ ప్రకారం వాటిలో పెద్ద వ్యాసాల తర్వాత అనుబంధాలు వస్తాయి: ఆ ఏడు ఏ ఊళ్లు తిరిగారు, ఏ శాసనాలకు నకళ్లు తీశారు, ఎన్ని ఫొటోలు తీశారు, ఏ కట్టడానికి ఎంత ఖర్చయింది. విసుగు పుట్టించే పట్టికల్లా కనిపించే ఆ పేజీలే ఇవాళ పరిశోధకుడికి ప్రాణం. ఒక గుడి గోడ మీది శాసనం ఇప్పుడు సున్నం కింద పడిపోయి ఉంటే, దాన్ని ఎవరు ఏ సంవత్సరం చూశారో చెప్పేది ఆ పట్టికే. డిజిటల్ ప్రపంచం ఇవాళ ‘మెటాడేటా’ అని పిలిచే పనిని ఆ గుమాస్తాలు చేతిరాతతో చేసి పెట్టారు. హైదరాబాద్ ఆర్కియలాజికల్ సొసైటీ కూడా 1916 నుంచి సొంత జర్నల్ వేసింది. అది ఎక్కువ కాలం నడవలేదు గానీ, ప్రభుత్వ శాఖ చెప్పేది వినడంతో సరిపెట్టుకోకుండా తామూ రాయాలనుకునే సభ్యులు ఈ నగరంలో అప్పటికే ఉన్నారని దాని వల్ల తెలుస్తుంది.

ఈ పేటకు విశ్వవిద్యాలయంతో బంధమూ ఆ రోజుల్లోనే మొదలైంది. ఉస్మానియా 1918లో ఏర్పడింది. 1919లో తరగతులు మొదలైనప్పుడు దానికి సొంత భవనం లేదు. గన్‌ఫౌండ్రీ, బషీర్‌బాగ్ పరిసరాల్లోని భవనాల్లోనే పాఠాలు చెప్పారు. అడిక్‌మెట్ మైదానాలకూ ఆర్ట్స్ కాలేజీకీ ఇంకా ఇరవయ్యేళ్ల దూరం ఉంది. ఉర్దూ మాధ్యమంలో పై చదువులు చెప్పాలంటే పుస్తకాలు కావాలి గనుక, 1917లోనే దారుల్ తర్జుమా పేరుతో అనువాద శాఖ పెట్టారు. భౌతికశాస్త్రానికీ న్యాయశాస్త్రానికీ వైద్యానికీ కావలసిన పదాలను కమిటీలు కూర్చుని తయారుచేశాయి. దేశభాషలో విజ్ఞానం చెప్పడం సాధ్యమేనని ఆచరణలో చూపించిన మొదటి పెద్ద ప్రయత్నం అది. మౌల్వీ అబ్దుల్ హక్ నడిపిన ‘ఉర్దూ’ త్రైమాసిక, ఆ తర్వాత వచ్చిన ‘సైన్స్’ పత్రిక ఆ వేడిలో పుట్టినవే.

హైదరాబాద్ నగరం నుంచి 1927 జనవరిలో ‘ఇస్లామిక్ కల్చర్’ ఇంగ్లీషు త్రైమాసిక మొదలైంది. సంపాదకుడు మర్మడ్యూక్ పిక్థాల్, ఇంగ్లండు నవలాకారుడు, ఇస్లాం స్వీకరించినవాడు, చాదర్‌ఘాట్ హైస్కూలు నడపడానికి హైదరాబాద్ వచ్చినవాడు. ఖురాన్‌కు ఆయన చేసిన ఇంగ్లీషు అనువాదం 1930లో వెలువడింది. ఆయన తర్వాత ముహమ్మద్ అసద్ ఆ కుర్చీలో కూర్చున్నాడు. ఉస్మానియా నుంచి ముహమ్మద్ హమీదుల్లా లాంటివాళ్లు రాస్తుంటే, యూరప్ పండితుల వ్యాసాలు హైదరాబాద్‌కు పోస్టులో వచ్చేవి. హైదరాబాద్ సంచికలు యూరప్ గ్రంథాలయాలకు పోస్టులో వెళ్లేవి. ఒక పత్రికకు ప్రపంచంలో చోటు ఎలా దొరుకుతుందో అర్థం చేసుకోవడానికి ఈ సంగతి చాలు. మూడు నెలలకోసారి తప్పకుండా వచ్చింది, సంపాదకుడు తెలిసినవాడు, వ్యాసాన్ని సంపుటం, సంచిక, పుట సంఖ్యలతో ఉదహరించవచ్చు. ఇంతకు మించిన రహస్యమేమీ లేదు. కంప్యూటర్ వచ్చినా ఈ మూడూ మారలేదు.

తెలుగు పరిశోధనకు నిజాం దర్బారులో చోటు లేదు. తెలుగు చదివేవాళ్లు తమ పత్రికలను, తమ పరిశోధనను తామే చందాలు వేసుకుని నిలబెట్టుకున్నారు. 1901లో సుల్తాన్ బజార్ దగ్గర శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం, 1906లో విజ్ఞాన చంద్రికా మండలి వచ్చాయి. రెంటి వెనకా ఉన్న కొమర్రాజు లక్ష్మణరావు 1923లో కన్నుమూశాక ఆయన పేరుతో పరిశోధక మండలి ఏర్పడింది. ఆదిరాజు వీరభద్రరావు లాంటివాళ్లు ఊరూరా తిరిగి నకళ్లు తీసిన ఫలితం 1935లో ‘తెలంగాణా శాసనములు’ మొదటి సంపుటంగా వచ్చింది. రెండో సంపుటం వచ్చేసరికి 1960 అయింది. ఆ పాతికేళ్ల ఎడం చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. సర్కారు ముద్రణాలయం చేతిలో ఉన్నవాళ్లు మస్కిని ఏడాదిలో వేశారు. చందాల మీద బతికినవాళ్లు రెండో పుస్తకానికి పాతికేళ్లు ఆగారు. వ్యాసాలకైతే మద్రాసు వైపు చూడాల్సి వచ్చింది. కాశీనాథుని నాగేశ్వరరావు 1924లో మొదలుపెట్టిన ‘భారతి’ తెలుగు దేశం మొత్తానికీ పరిశోధన పత్రికలా పనిచేసింది. రాజమహేంద్రవరం నుంచి 1926లో మొదలైన ఆంధ్ర చారిత్రక పరిశోధక మండలి జర్నల్ ఇంగ్లీషు చదువరులకు అదే పని చేసింది. శాసనమూ కవితా ఒకే సంచికలో పక్కపక్కన వచ్చిన ‘భారతి’ 1991లో ఆగిపోయింది. ఆ ఖాళీని ఇంతవరకు ఏ పత్రికా పూర్తిగా నింపలేదు.

1956 తర్వాత గన్‌ఫౌండ్రీ శాఖ పని మళ్లీ ఊపందుకుంది. నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో ‘ఎపిగ్రాఫియా ఆంధ్రికా’ 1969లో మొదలైంది. జిల్లాల వారీ శాసన సంపుటాల్లో వరంగల్, కరీంనగర్ 1974లో వచ్చాయి. నల్లగొండ రెండు భాగాలు 1990ల మొదట్లో వచ్చాయి. పి.వి. పరబ్రహ్మశాస్త్రి పేరు ఈ సంపుటాల మీద ఉండటం యాదృచ్ఛికం కాదు. కాకతీయుల చరిత్రను ఆయన 1978లో గ్రంథంగా రాశాడంటే, దానికి ముడిసరుకు ఈ పనిలోనే పోగైంది.

శాసన పాఠాన్ని అచ్చు వేయడం మామూలు కంపోజింగ్ పని కాదు. సందేహంగా కనిపించే అక్షరానికి చదరపు బ్రాకెట్ పెట్టాలి. సంపాదకుడు ఊహించి చేర్చినదానికి బ్రాకెట్‌తో పాటు నక్షత్రం పెట్టాలి. రాతి మీద ఎక్కడ పంక్తి విరిగిందో అచ్చులో అక్కడే సంఖ్య వేయాలి. శాసనంలో తప్పుంటే తప్పుగానే ఉంచి, ఒప్పును అడుగున చెప్పాలి. తెలుగు సీసపు కేసులో గుణింతాలకూ వత్తులకూ వందల గళ్లు ఉంటాయి. వెయ్యేళ్ల నాటి వర్ణక్రమం ఆ గళ్లలో ఇమడదు. ప్రూఫులు మూడు నాలుగు సార్లు తిరిగేవి. ఒక్క బ్రాకెట్ పడిపోతే, సంపాదకుడి ఊహ రాజు మాటగా మారిపోతుంది. ఆ పత్రికల నమ్మకం అంతా ఆ చిన్న గీత మీద నిలబడింది. డిజిటల్ దశ గురించి మాట్లాడేటప్పుడు ఈ బ్రాకెట్టును మనసులో పెట్టుకోమని చదువరిని కోరుతున్నాను.

1990లలో సీసం పోయింది. పేజ్‌మేకర్ వచ్చింది, అను ఫాంట్లు వచ్చాయి, శ్రీలిపి వచ్చింది. నారాయణగూడ, చిక్కడపల్లి సందుల్లో డీటీపీ సెంటర్లు వెలిశాయి. సంచిక వేయడం చవకైంది, త్వరగానూ అయింది. విశ్వవిద్యాలయ శాఖలు, సాహిత్య సంస్థలు సొంత సంచికలు వేసుకోగలిగాయి. ఇదంతా నిజమైన మేలే. కానీ ఆ ఫాంట్లలో తెలుగు అక్షరానికి కంప్యూటర్ లోపల తెలుగు గుర్తింపు లేదు. తెర మీద ‘క’ కనిపించినా ఫైలులో ఉన్నది ఏదో ఇంగ్లీషు గుర్తు. ఫాంటు తొడుగుతోనే అది తెలుగులా కనిపించింది. అందుకే ఆ కాలపు పీడీఎఫ్ నుంచి ఒక వాక్యం కాపీ చేసి వేరే చోట అతికిస్తే గజిబిజి గుర్తుల వరస వస్తుంది. అందులో ‘కాకతీయ’ అని వెతికితే ఒక్కటీ దొరకదు. 1991లోనే యూనికోడ్ మొదటి ప్రమాణంలో తెలుగుకు చోటు దక్కింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు ఇళ్లలోకి వచ్చింది. అయినా తెలుగు ముద్రణ రంగం చాలాకాలం పాత ఫాంట్లనే పట్టుకుని వేలాడింది. ఆ కాలంలో వచ్చిన పరిశోధన సంచికలన్నీ కంప్యూటర్ మీద పుట్టి కూడా కంప్యూటర్‌కు చదవరాని సంచికలయ్యాయి. సీసపు అక్షరాలతో వేసిన 1935 పుస్తకమూ, పేజ్‌మేకర్‌లో చేసిన 1999 సంచికా వెతికేవాడికి ఒకేలా మూగబోయాయి.

ఇక స్కానింగ్ దశ. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి అమెరికాలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రాజ్ రెడ్డి, పది లక్షల పుస్తకాలను డిజిటల్ చేయాలన్న సంకల్పంతో ముందుకొచ్చాడు. బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్, హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ, కేంద్ర ప్రభుత్వ సంస్థలు కలిసి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియాను నిర్మించాయి. 2003లో రాష్ట్రపతి అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించాడు. హైదరాబాద్ గ్రంథాలయాల బీరువాల్లోంచి వేల పుస్తకాలు స్కానర్ల కిందికి వెళ్లాయి. ఆ పని చేసినవాళ్లకు మనం ఎంత రుణపడి ఉన్నామో చెప్పడానికి ఒక దెబ్బను గుర్తు చేసుకుంటే చాలు. 2000 ఆగస్టు వరదల్లో బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలోకి నీళ్లు ముంచెత్తి, అబ్దుస్ సమద్ ఖాన్ జీవితకాలం సేకరించిన ఉర్దూ గ్రంథాల, పత్రికల భాండారం తీవ్రంగా దెబ్బతింది. నీటిలో నానిన కాగితానికి రెండో ప్రతి ఉండాలి. స్కాన్ ఆ రెండో ప్రతి.

డిజిటల్ లైబ్రరీ సైటు 2017 ప్రాంతంలో మూతపడింది. ఆ సరికే ఫైళ్లు ఇంటర్నెట్ ఆర్కైవ్‌కు చేరి ఉండటం మన అదృష్టం. ఇవాళ యజ్దానీ నివేదికలు, హైదరాబాద్ ఆర్కియలాజికల్ సిరీస్ సంపుటాలు అక్కడే దొరుకుతాయి. ఒకదాన్ని తెరిచి చూడండి. చిరునామాలో ‘ఇన్ డాట్ ఎర్నెట్ డాట్ డీఎల్ఐ డాట్ 2015’ అన్న మాటలు, వాటి వెనక ఒక సంఖ్య ఉంటాయి. పుస్తకం పేరు రోమన్ లిపిలో, ఎవరికి తోచిన వర్ణక్రమంలో వాళ్లు కొట్టినట్టుగా ఉంటుంది. సంపుటం సంఖ్య ఒక్కోసారి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. లోపల గ్రంథాలయం ముద్ర, వంకరగా పడిన పుట, కొన్నిచోట్ల విప్పకుండానే స్కాన్ చేసిన మడత పటం. అన్నిటికన్నా పెద్ద నష్టం ప్లేట్లలో ఉంది. పుటలను చాలావరకు నలుపు తెలుపు రెండే రంగుల్లో స్కాన్ చేశారు, మధ్య ఛాయలు లేవు. అచ్చు అక్షరానికి అది చాలు. శాసనం నకలు ఫొటోకు మాత్రం చాలదు. రాతి మీది గీతకూ పగులుకూ తేడా చూపించే బూడిద ఛాయలు మొత్తం పోయి, ప్లేటు నల్లటి మరకలా మిగులుతుంది. సంపాదకుడి పాఠం మనకు చేరింది, దాన్ని సరిచూసుకునే ఆధారం చేరలేదు. పరిశోధన పత్రిక అన్నది నమ్మమని చెప్పడానికి లేదు, సరిచూసుకోమని చెప్పడానికి ఉంది. ఈ విషయాన్ని ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

ఈ నష్టాలు తెలిసీ స్కాన్లను నేను తేలిగ్గా చూడలేను. ఉమ్మడి రాష్ట్ర ప్రెస్ అకాడమీ ‘భారతి’, ‘గోలకొండ పత్రిక’ వంటి పాత పత్రికలను స్కాన్ చేసి అందరి ముందూ పెట్టినప్పుడు, జిల్లా కేంద్రంలో కూర్చున్న పరిశోధక విద్యార్థికి మద్రాసు, హైదరాబాద్ ప్రయాణాలు తప్పాయి. ఉర్దూ పత్రికలకు ఆ పని రేఖ్తా ఫౌండేషన్ చేసింది. పంజాగుట్టలోని ఇదారె అదబియాతె ఉర్దూ భాండారమూ దాని స్కానర్ల కిందికి వచ్చింది. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల రాశుల్లో విడి సంచికలు ఏరుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. ఆ రాశుల్లో సంపుటం తెగి విడిపోయిన సంచిక ఎలా ఉంటుందో, వెబ్‌లో చాలా స్కాన్లు అలాగే ఉన్నాయి. ముందు సంచిక ఏది, తర్వాత ఏది, వ్యాసాల సూచిక ఎక్కడ అన్నది చెప్పేవాళ్లు లేరు.

తెలుగులో మొదటినుంచీ డిజిటల్‌గానే పుట్టి నిలబడిన పత్రిక కోసం చూస్తే, అది హైదరాబాద్‌లో కనిపించదు. 1998లో అమెరికాలోని తెలుగువాళ్లు ‘ఈమాట’ మొదలుపెట్టారు. తెలుగు అక్షరాలు కంప్యూటర్‌లో సరిగా కుదరని రోజులవి. ఆర్‌టీఎస్ అనే పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు టైపు చేసి, దాన్ని తెలుగుగా మార్చుకునేవారు. 2006లో యూనికోడ్‌లోకి మారినప్పుడు వాళ్లు పాత సంచికలను వదిలేయలేదు. మొదటి సంచికనుంచీ అన్నిటినీ కొత్త లిపి ప్రమాణంలోకి తెచ్చారు. ఫలితం ఏమిటంటే 1998 నాటి వ్యాసంలో ఒక మాటను ఇవాళ వెతికితే దొరుకుతుంది. జీతాలు లేని సంపాదకులు, రచనను ముందు సమీక్షకులకు చూపించే అలవాటు, క్రమం తప్పని సంచిక: పిక్థాల్ కాలపు నియమాలే, కాగితం ఒక్కటే లేదు. ‘ఈమాట’ ప్రధానంగా సాహిత్య పత్రికే. అయినా అందులో ఛందస్సు మీద, భాషాచరిత్ర మీద వచ్చిన వ్యాసాలు మన విశ్వవిద్యాలయ సంచికల్లో రావలసినవి.

ఆ పత్రిక సంపాదకుల్లో ఒకరైన సురేశ్ కొలిచాల చేసిన ఇంకో పని గన్‌ఫౌండ్రీ సంపుటాలకు నేరుగా సంబంధించింది. రేనాటి చోళుల కాలపు తెలుగు శాసనాల్లో ‘ఴ’ అనే అక్షరం ఉంది. తర్వాతి తెలుగులో అది లేదు, కాబట్టి యూనికోడ్ తెలుగు వరసలోనూ మొదట చేరలేదు. తమిళానికీ మలయాళానికీ ఆ ధ్వనికి అక్షరం ఉంది. తెలుగు శాసనాన్ని ఉన్నది ఉన్నట్టు టైపు చేయాలంటే మాత్రం దారి ఉండేది కాదు. శ్రీరమణ శర్మ తదితరులతో కలిసి ఆయన ఆధారాలు పోగుచేసి ప్రతిపాదన పంపాక, 2014లో వచ్చిన యూనికోడ్ ఏడో ప్రమాణంలో ఆ అక్షరానికి చోటు దొరికింది. మరుసటి ఏడు ఇంకో పాత అక్షరం, 2021లో నకారపొల్లు చేరాయి. అంటే ఆరో ఏడో శతాబ్దపు తెలుగు శాసనాన్ని అక్షరం పొల్లుపోకుండా డిజిటల్‌గా అచ్చు వేయడం 2014 తర్వాతే సాధ్యమైంది. ఏ ప్రభుత్వ శాఖా అడగని అక్షరాన్ని కొందరు స్వచ్ఛందంగా అడిగి తెచ్చారు. ఆ పనికి తెలుగు పరిశోధన లోకం ఇవ్వాల్సిన గౌరవం ఇంకా ఇవ్వలేదు.

ఇదే కాలంలో హైదరాబాద్ పేరు ప్రపంచ పరిశోధన రంగంలో మారుమోగింది, కానీ బాధపెట్టే కారణంతో. 2007లో ఇక్కడ మొదలైన ఓమిక్స్ సంస్థ వందల సంఖ్యలో ఇంగ్లీషు ఆన్‌లైన్ జర్నళ్లు నడిపింది. వ్యాసాలకు నిపుణుల సమీక్ష జరుగుతోందని అబద్ధం చెప్పి, రుసుముల సంగతి ముందుగా చెప్పకుండా రచయితలను మోసగించిందని అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో దావా వేసింది. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా చెల్లించమని తీర్పిచ్చింది. కాగితం ఖర్చు లేకపోవడం పరిశోధనకు స్వేచ్ఛనిస్తుందని ఆశపడ్డాం. సంపాదకుడి ఖర్చు కూడా మిగిల్చుకోవచ్చని కొందరు కనిపెట్టారు. గిరాకీ మాత్రం మన వ్యవస్థే సృష్టించింది. 2010లో యూజీసీ అధ్యాపకుల పదోన్నతికి వ్యాసాల సంఖ్యను బట్టి మార్కులు పెట్టింది. పల్లె కాలేజీలో రోజంతా పాఠాలు చెప్పే లెక్చరరు డబ్బు కట్టి వ్యాసం వేయించుకోవలసిన స్థితి వచ్చింది. యూజీసీ తన ఆమోద జాబితా నుంచి 2018 మేలో ఒకేసారి 4,305 జర్నళ్లను తీసేసింది. ఆ తర్వాత తెచ్చిన కేర్ జాబితాను 2025లో ఎత్తేసింది. ఈ ఒడిదుడుకుల్లో చిన్న తెలుగు పత్రికల బాధ ఎవరికీ పట్టలేదు. జాబితాలో ఉంటేనే వ్యాసాలు వస్తాయి, వ్యాసాలు వస్తేనే పత్రిక బతుకుతుంది. జాబితాలు మారే కొద్దీ మంచి సంపాదకుడూ దళారీ ఒకే వరసలో నిలబడాల్సి వచ్చింది.

మంచి డిజిటల్ ప్రచురణ ఎలా ఉంటుందో చూడాలంటే ఫణిగిరి దగ్గరికి రావాలి. సూర్యాపేట జిల్లాలోని ఆ బౌద్ధ క్షేత్రంలో గన్‌ఫౌండ్రీ శాఖ 2001 నుంచి తవ్వకాలు జరిపి, 2008లో నివేదిక అచ్చు వేసింది. అక్కడ దొరికిన ధర్మచక్ర స్తంభ శాసనం ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుని పద్దెనిమిదో ఏటిది. ఆ రాజు అన్నేళ్లు ఏలాడని మనకు తెలిసింది దానితోనే. జర్మన్ పండితుడు ఆస్కార్ ఫాన్ హినూబర్ ఫణిగిరి శాసనాల మీద వ్యాసాలు రాశాడు. తర్వాత ఆర్లో గ్రిఫిత్స్, విన్సెంట్ టూర్నియే అనే ఇద్దరు పండితులు ఫ్రెంచి ప్రాచ్య పరిశోధన సంస్థ తరఫున ఆంధ్రదేశపు తొలి శాసనాలన్నిటినీ ఒక డిజిటల్ సంకలనంగా కూర్చారు. అమరావతి, నాగార్జునకొండ, ఫణిగిరి శాసనాలు అందులో ఉన్నాయి. ప్రతి శాసనానికీ మారని సంఖ్య, పాఠం, అనువాదం, ఇంతకుముందు ఎవరెవరు చదివారో ఆ వివరం. అన్నిటికన్నా ముఖ్యమైనది, సందేహాక్షరమూ ఊహాక్షరమూ కంప్యూటర్‌కు అర్థమయ్యే గుర్తులతో వేరువేరుగా నమోదై ఉన్నాయి. పరబ్రహ్మశాస్త్రి తరం ప్రూఫుల్లో కాపాడిన బ్రాకెట్ అక్కడ బతికే ఉంది. ఎవరైనా కొత్త పాఠం సూచిస్తే దాన్ని చేర్చవచ్చు, పాతది చెరిగిపోదు. అచ్చు సంపుటం చేయలేని పని అది.

ఆ పని పారిస్ నుంచి జరగడంలో తప్పేమీ లేదు. కాకతీయుల కాలపు వందల తెలుగు శాసనాలకు మాత్రం అలాంటి సంకలనం లేదు. వాటి పాఠాలు వరంగల్, కరీంనగర్, నల్లగొండ సంపుటాల్లో, వాటి స్కాన్లలో బొమ్మలుగా ఉన్నాయి. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ పథకానికి మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించింది. 30 మంది అంతర్జాతీయ ప్రచురణకర్తల 13,000 జర్నళ్లు 6,300 విద్యాసంస్థల్లో చదువుకోవచ్చు. విద్యార్థికి అది మేలే, కాదనను. ఆ సొమ్ము ఇతరులు వేసినది చదవడానికి. మన శాసనాలను మనం వేయడానికి అందులో వెయ్యో వంతు వేరుగా దొరికినా జిల్లా సంపుటాల పని నడుస్తుంది.

ఆ పనికి కొత్త కనిపెట్టుడు ఏమీ అక్కర్లేదు. జర్నల్ నడపడానికి ఓపెన్ జర్నల్ సిస్టమ్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఇరవయ్యేళ్లకు పైగా వాడుకలో ఉంది. శాసన పాఠాలను గుర్తులతో నమోదు చేసే పద్ధతిని ప్రపంచమంతా వాడుతోంది. కావలసిన పాత అక్షరాలు యూనికోడ్‌లోకి వచ్చేశాయి. సంఖ్యలు కూడా కొత్తగా వెతుక్కోనక్కర్లేదు, జిల్లా సంపుటాల్లో ప్రతి శాసనానికీ వరస సంఖ్య ఉంది, పరిశోధకులు ఇన్నేళ్లుగా దానితోనే ఉదహరిస్తున్నారు. దాన్నే వెబ్ చిరునామాగా నిలపవచ్చు. శాఖ దగ్గర అసలు నకళ్లు ఉన్నాయి. వాటిని ఈసారి బూడిద ఛాయలు పోకుండా ఫొటో తీయాలి. నాంపల్లిలో పుట్టి ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరు పెట్టుకున్న తెలుగు విశ్వవిద్యాలయం నుంచీ ఉస్మానియా నుంచీ పాత తెలుగు చదవగల పరిశోధక విద్యార్థులు వస్తున్నారు. ఒక్కొక్కరికి పాతిక శాసనాలు అప్పగించి, పాఠం టైపు చేయించి, నకలుతో పోల్చి చూసే పనిని పట్టా కోర్సులో భాగం చేయవచ్చు. దిద్దిన ప్రతి పాఠం ‘ఎపిగ్రాఫియా ఆంధ్రికా’ కొత్త సంచికలో, ఆ విద్యార్థి పేరుతో, కాగితం మీదా వెబ్‌లోనూ ఒకేసారి రావాలి. మొదలుపెట్టడానికి నల్లగొండ మొదటి భాగం అనువుగా ఉంటుంది. ముద్రణ దగ్గరి కాలానిది, పాఠాలు ఒక్క చేతి మీదుగా పరిష్కారమైనవి, ఫణిగిరి ఉన్నదీ ఆ పాత జిల్లాలోనే.